వెనక వరస

"నా పెరుగుకి ఆరు ముఖాలుండాలి. నాలుగే ఉన్నాయి. మిగతా రెండూ ఎవరు మింగారు?"

ఫ్రిజ్ అరల ముందు తడిసిన రెయిన్‌కోటుతో నిలబడి యస్నా అడిగింది. కోటు అంచుల నుంచి కారుతున్న నీళ్ళు నేల మీద చిన్న మడుగు కడుతున్నాయి. భూగోళం దక్షిణ కొసన, ద్వీపం మీదున్న అంకూద్‌లో జూన్ నెలంటే చలికాలం, పైగా వానాకాలం. ఆకాశం ఒకసారి ఏడుపు మొదలెడితే సెప్టెంబరు దాకా ముక్కు చీదుతూనే ఉంటుంది.

నిచ్చెన మీదున్న మనిషి కిందికి చూడకుండానే జవాబిచ్చాడు.

"జున్ను మింగింది. జున్నుకి గిరాకీ ఉంది. మీ పెరుగుకి లేదు."

"కనబడితే కదా గిరాకీ!"

"ముందు ఆ నీళ్ళు తుడవండి. ఎవరైనా జారిపడితే మీ పెరుగు రాసి కట్టు కట్టరు."

అరలో ముందు వరసన, కొనేవాళ్ళ కళ్ళకి ఎదురుగా నిలబడే ఒక్కో డబ్బాని ఆ దుకాణాల్లో ముఖం అంటారు. ఎన్ని ముఖాలుంటే అంత అమ్మకం. యస్నా ఒక పాల కంపెనీ తరఫున ఈ సూపర్‌మార్కెట్‌కి రోజూ వచ్చి పెరుగు డబ్బాలు సర్దిపోతుంది. జీతం కంపెనీది, పెత్తనం దుకాణానిది. నిచ్చెన మీది మనిషి దనీలో మాన్సీయా. అక్కడి అరలన్నిటికీ అతనే పెద్ద.

యస్నా నేల తుడిచింది. అతను గోదాంలోకి వెళ్ళగానే జున్నుని పక్కకి నెట్టి తన రెండు ముఖాలూ తను తెచ్చుకుంది.

మర్నాడు వచ్చేసరికి మళ్ళీ నాలుగు. మళ్ళీ నెట్టింది. ఆ పై రోజు మళ్ళీ నాలుగు. ఈ యుద్ధం దుకాణమంతా చూస్తూనే ఉంది. కౌంటర్ దగ్గర బిల్లులు కొట్టే ఎదిత్ అక్క ఒక రోజు ఉండబట్టలేక అనేసింది.

"ఇద్దరూ పెళ్ళి చేసుకోండ్రా. అయిదు దగ్గర బేరం కుదురుతుంది."

మరుసటి వారం అరలో అయిదు ముఖాలున్నాయి.

"ఇదేంటి?" అంది యస్నా.

"జున్నుతో మాట్లాడాను. ఒప్పుకుంది," అన్నాడు దనీలో. మొహంలో నవ్వు లేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఆ రోజు నుంచి యస్నా పని అయిపోయినా వెంటనే వెళ్ళేది కాదు. మూసేముందు దనీలో ఒక్కో వరసా తిరుగుతూ, వెనక మిగిలిన డబ్బాల్ని అర అంచుదాకా లాగి, పేర్లు ఎదురుగా కనబడేట్టు తిప్పి నిలబెట్టేవాడు. అతని చేతులు ఆ పని చేస్తుంటే చూడ్డం ఆమెకి ఇష్టం. పడుకున్న పసిపిల్లకి దుప్పటి సర్దినట్టుండేది.

"ఎందుకంత తాపత్రయం? వెనకుంటే మాత్రం డబ్బా కాదా?"

"జనం నిండుగా ఉన్న చోటే చెయ్యి పెడతారు. అరలో ఒక్క డబ్బా మిగిలితే దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఏదో లోపం ఉండబట్టే మిగిలిందనుకుంటారు."

"నేను తీసుకుంటాను."

"ఎందుకు?"

"పాపం, రాత్రంతా ఒక్కతే ఏం ఉంటుంది?"

దనీలో చేతిలో బఠాణీ డబ్బా పట్టుకుని ఆమె వైపు చూశాడు. డబ్బా పేరు వెనక్కి తిరిగే ఉంది. తిప్పడం మర్చిపోయాడు.

వర్షం పెద్దదైన సాయంత్రాలు, అట్టపెట్టె ఒకటి విప్పి ఇద్దరి తలల మీదా పట్టుకుని బస్సు దాకా వచ్చేవాడు. అట్ట ఆమె వైపే ఎక్కువ ఒరిగేది. అతని ఎడమ భుజం ఎప్పుడూ తడిసే ఉండేది.

*

జులై మొదట్లో కంపెనీ వాళ్ళు యస్నాకి ఫోన్ చేశారు. ఒసోర్నోలో ఖాళీ ఉంది, పర్మనెంట్ ఉద్యోగం. జలసంధి దాటి అవతలికి వెళ్ళిపోవాలి. మూడు రోజుల్లో ఏదో ఒకటి చెప్పాలి.

టమాటా ముద్ద డబ్బాలు సర్దుతున్న దనీలో దగ్గరికి వెళ్ళి చెప్పింది. అతని చేతులు ఆగాయి.

"మంచిదే కదా," అన్నాడు.

"మంచిదే. ఇక్కడ మాత్రం ఏం తక్కువ? దుకాణం బానే నడుస్తోంది కదా? నా ఆర్డర్ తగ్గించావని అడుగుతున్నా."

"చలికాలం. పెరుగు ఎవరు తింటారు?"

"అంతేనా?"

అతను డబ్బాని అంచుదాకా లాగాడు. దాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, చివరికి మొదటున్నట్టే పెట్టాడు.

"అంతే. బానే ఉంది." గొంతు తగ్గించి అన్నాడు. "వెళ్ళకు, యస్నా."

ఆ ఒక్క మాట కోసమే ఆమె అక్కడ నిలబడింది. ఆ సాయంత్రమే ఫోన్ చేసి ఒసోర్నో వద్దని చెప్పేసింది. ఇంటికెళ్తుంటే బస్సు అద్దం మీద వాన కూడా అందంగా కనబడింది.

రెండు వారాల తర్వాత, వాళ్ళమ్మ తెమ్మంటే ఒక టమాటా ముద్ద డబ్బా తీసుకుంది. ఎక్స్‌పైరీ దగ్గరపడినవి ముందుంచుతారని తెలుసు కాబట్టి, కొత్తది దొరుకుతుందేమోనని వెనక్కి చెయ్యి పెట్టింది. చేతికేం తగల్లేదు. మోచేతిదాకా పెట్టింది. అర చివరి ఇనపరేకు చల్లగా తగిలింది.

పక్క డబ్బా వెనక చూసింది. ఖాళీ. బఠాణీల వెనక ఖాళీ. బియ్యం పొట్లాల వెనక ఖాళీ. వరస మొత్తం నడిచింది. ముందు నిండుగా, ముద్దుగా, ఒకే ఎత్తున డబ్బాలు. వాటి వెనక చీకటి.

ఆమె పల్లెటూళ్ళో పెరిగింది. పొయ్యిలో పొగ రాని ఇల్లెవరిదో దూరం నుంచే గుర్తుపట్టగలదు. ఇంత దగ్గరుండి దీన్ని మాత్రం చూడలేకపోయింది. ఆమె చూసింది అరల్ని కాదు, సర్దే చేతుల్ని.

గోదాంలో దనీలో ఒక్కడే ఉన్నాడు. అక్కడా పెద్దగా ఏమీ లేదు.

"ఎప్పుడు మూసేస్తున్నారు?"

అతను బుకాయించలేదు. "ఆగస్టు ఆఖర్లో."

"నీకెప్పట్నించి తెలుసు?"

"మే నుంచి. మేనేజర్ రెనే గారు పిలిచి చెప్పాడు. ముందు వరస నిండుగా ఉంచు, నోరు మూసుకో అన్నాడు. బయటికి పొక్కితే సరుకిచ్చేవాళ్ళు ఆపేస్తారట, అప్పుడు మనవాళ్ళెవరికీ పరిహారం రాదట."

"సరే. అది వాళ్ళ కోసం దాచావు. నా దగ్గరెందుకు దాచావు? నేను ఒసోర్నో మాటెత్తిన రోజున నీకు తెలుసు కదా!"

రేకుల కప్పు మీద వాన దడదడలాడుతోంది.

"చెప్తే వెళ్ళిపోతావని."

"వెళ్ళేదాన్నే!"

"అందుకే."

"నా ముందు కూడా ఒక్క వరసే నిలబెట్టావన్నమాట," అంది యస్నా. "నీ కోసం నేను నా ఉద్యోగం వదులుకున్నానని ఊరంతా చెప్పుకుందామనుకున్నాను దనీలో. నువ్వు వదిలించావని ఎట్లా చెప్పుకోను?"

ఏడవకూడదనుకుంది. ఏడ్చింది. అతను ఒక అడుగు ముందుకేస్తే ఆమె రెండడుగులు వెనక్కేసింది.

"ఇంకోటి విను. శుక్రవారం ఎదిత్ అక్క తెల్లవారుజామున చేసే బడి వంటపని మానేస్తోంది. రెనే గారు ఇక్కడ రోజంతా డ్యూటీ ఇస్తానన్నాడట. నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

జవాబు కోసం ఆగకుండా బయటికొచ్చేసింది. నేరుగా కౌంటర్ దగ్గరికి వెళ్ళింది. ఎదిత్ అక్క టమాటా డబ్బా అందుకుంటూ గలగలా మాట్లాడుతోంది.

"శుక్రవారంతో ఆ ఉల్లిపాయల పీడ వదులుతుందే పిల్లా! పదేళ్ళుగా పొద్దున్నే ఏడుస్తూనే ఉన్నాను. ఇక నించి తెల్లారేదాకా పడుకుంటా. అదేంటే, నీ కళ్ళు కూడా ఎర్రగున్నాయి? నువ్వూ ఉల్లిపాయలు తరిగావా?"

యస్నా నోరు తెరిచింది. ఆ నవ్వు మొహం చూసి మూసేసింది. సంచీ తీసుకుని వానలోకి నడిచింది. ఒక్క మాట చెప్పలేక మోస్తే ఎంత బరువుంటుందో ఆమెకి అప్పుడు తెలిసింది. అయినా అతని మీద కోపం తగ్గలేదు. తన మీద కూడా కాస్త వచ్చింది, అంతే.

*

మర్నాడు పొద్దున్న షట్టర్ లేచేసరికి పనివాళ్ళందరూ, వాళ్ళతోపాటు యస్నా, గుమ్మంలోనే ఆగిపోయారు.

దుకాణంలో ఒక్క అర కూడా నిండుగా లేదు. దనీలో అందరికంటే ముందొచ్చి, ప్రతి డబ్బానీ, ప్రతి పొట్లాన్నీ, ప్రతి సీసానీ వెనక్కి తోసేశాడు. అన్నీ ఇనపరేకుకి వీపు ఆనించి ఒక్క వరసగా నిలబడ్డాయి. అర అంచు నుంచి అక్కడిదాకా ఉన్నదంతా ఉత్త చెక్క. ఎప్పుడూ తడి గుడ్డ తగలని చోట దుమ్ము కూడా కనబడుతోంది. పెరుగు అయిదు ముఖాలూ ఫ్రిజ్ లోపలి గోడకి అంటుకుని ఉన్నాయి.

"అమ్మో! దొంగలు పడ్డారా?" అంది బడి వంట ముగించుకుని వచ్చిన ఎదిత్ అక్క.

"దొంగలు కాదక్కా. ఉన్నదింతే. చాలా రోజుల్నించి ఇంతే," అన్నాడు దనీలో. "ఆగస్టుతో మూసేస్తున్నారు. నాకు మేలోనే తెలుసు. చెప్పలేదు. నువ్వు బడిలో పని మానకు."

ఎదిత్ అక్క చేతిలో గొడుగు నీళ్ళు కారుస్తూనే ఉంది.

మేనేజర్ రెనే గారు వచ్చాడు. అరలు చూసి మొహం పాలిపోయింది.

"ఏంటిది? ముందుకి లాగండి! అందరూ లాగండి, పది నిమిషాల్లో జనం వస్తారు! ఏం, మీ చేతులు పడిపోయాయా?"

ఒక్కరూ కదల్లేదు. కాసేపటికి ఎదిత్ అక్క గొడుగు మూసి, చాలా నెమ్మదిగా అడిగింది.

"రోజంతా డ్యూటీ అన్నావు కదయ్యా నాకు? ఏ రోజంతా?"

రెనే గారు ఆమె వైపు చూడలేదు. దనీలో వైపు తిరిగి వేలెత్తి తలుపు చూపించాడు. దనీలో ఏప్రన్ విప్పి, మడతపెట్టి, కౌంటర్ మీద పెట్టాడు. వెళ్తూ యస్నా ముందు ఒక్క క్షణం ఆగాడు. ఆమె తల దించుకుంది. అట్టపెట్టె లేకుండా, గొడుగు లేకుండా వెళ్ళిపోయాడు.

*

రెనే గారు భయపెట్టినట్టు పరిహారం పోలేదు. కార్మిక సంఘం వాళ్ళొచ్చి పట్టుబట్టాక అందరికీ ఆలస్యంగా, ముక్కలు ముక్కలుగా వచ్చింది. దనీలోకి మాత్రం రాలేదు. మాట మీరాడని ముందే తీసేశారు కదా. ఆగస్టు మధ్యలోనే దుకాణం మూతబడింది. ఒసోర్నో ఉద్యోగం ఎవరికో వెళ్ళిపోయింది. కంపెనీ యస్నాని ద్వీపం చివరున్న కెయ్యోన్‌కి వేసింది. చీకటితో బస్సెక్కితే చీకటి పడ్డాక దిగుతుంది.

ఒక ఆదివారం ఎదిత్ అక్క చర్చి బయట పట్టుకుంది.

"ఆ పిల్లాడు రేవులో బంగాళాదుంప బస్తాలు మోస్తున్నాడు, తెలుసా?"

"నాకెందుకక్కా?"

"నీకెందుకో నీకే తెలియాలి. నేనూ రెండు వారాలు వాడి మొహం చూడలేదు. తర్వాత బడిలో ఉల్లిపాయలు తరుగుతుంటే తట్టింది, వాడు చెప్పకపోతే ఈ ఉల్లిపాయలు కూడా నాకుండేవి కావు. వెళ్ళి తిట్టాలంటే తిట్టు. క్షమించాలంటే క్షమించు. ఇలా నాన్చకు, పాచిపోతుంది."

రేవులో వాన అడ్డంగా కొడుతోంది. ఆదివారం కాబట్టి పడవలేవీ లేవు. దనీలో ఒక్కడే రేకుల చూరు కింద, ఖాళీ పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు. అంచులు సమానంగా ఉన్నాయో లేదో చూసుకుంటూ పేరుస్తున్నాడు.

"ఇక్కడ కూడానా?" అంది యస్నా.

అతను తిరిగాడు. సన్నబడ్డాడు. రెండు భుజాలూ తడిసి ఉన్నాయి.

"నిన్ను తిట్టడానికొచ్చాను."

"తిట్టు."

"వానలో బాగా రాదు." ఆమె చూరు కిందికి జరిగింది. "ఇంకా కోపంగానే ఉంది నాకు."

"ఉండనీ. నేను చేసింది చిన్నదా? నీ చేతిలో ఉండాల్సిన నిర్ణయం నా చేతిలో దాచుకున్నాను. ఇప్పుడు నా దగ్గర దాచడానిక్కూడా ఏం లేదు యస్నా. నికరమైన ఉద్యోగం లేదు. ఉన్న గది వచ్చే నెల ఖాళీ చెయ్యాలి. నువ్వంటే ఇష్టం. ఆ ఇష్టమే నన్ను దొంగని చేసింది. ఇంతే. వెనకేం లేదు."

యస్నా అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"అరలో ఒక్కటే మిగిలితే ఎవరూ ముట్టుకోరన్నావు."

"ఒకళ్ళున్నారు. తీసుకుంటానంది ఒకావిడ."

"తీసుకుంటుంది. తేదీ చూసి," అంది. అతనికి నవ్వు రాబోయి, ఏడుపొచ్చింది. ఆమె గొడుగు విప్పింది. తన ఇంటిదాకా అది అతని వైపే ఎక్కువ ఒరిగి ఉంది.

వాళ్ళమ్మకి అంతా తెలుసు. తలుపు తీసి దనీలోని ఎగాదిగా చూసింది.

"నా కూతురి ఉద్యోగం పోగొట్టింది నువ్వేనా?"

"నేనేనండీ."

"ఒప్పుకుంటున్నావు, నయం. కాళ్ళు తుడుచుకుని లోపలికి రా. పొయ్యి దగ్గర కూర్చో. తింటూ మాట్లాడుకోవచ్చు. నేను చాలా మాట్లాడాలి." వేడి బంగాళాదుంప రొట్టె, మిల్కావ్, పళ్ళెంలో వేస్తూ అంది, "ఆ అల్మారాలో ముర్తా పళ్ళ జామ్ ఉంది, అందుకో."

దనీలో అల్మారా తెరిచాడు. ముందు వరసలో ఎర్రగా మెరుస్తున్న సీసాలు. ఒకటి తీశాడు. ఆ ఖాళీలోకి అతని చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్ళింది, అలవాటు కొద్దీ. ఒక సీసా తగిలింది. దాని వెనక ఇంకోటి. దాని వెనక కూడా ఇంకోటి.

చెయ్యి అక్కడే ఉంచి నిలబడిపోయాడు.

"ఏం వెతుకుతున్నావయ్యా?"

"ఏం లేదండీ. వెనక కూడా ఉన్నాయా అని..."

"లేకపోతే ఈ చలికాలం ఎట్లా గడుస్తుంది?" అంది వాళ్ళమ్మ విసుగ్గా.

ఎన్నో వారాల తర్వాత యస్నా గట్టిగా నవ్వింది. అతను వెనకున్న సీసాని ముందుకి లాగబోతుంటే లేచివెళ్ళి మణికట్టు పట్టుకుంది.

"ఉండనీ. అక్కడే ఉండనీ."

బయట వాన కురుస్తూనే ఉంది. సెప్టెంబరుకి ఇంకా రోజులున్నాయి.