అత్తకు సూది, కోడలికి పట్టీ

పొద్దున్నే అత్తగారి చేతిలోంచి టీ కప్పు జారి భళ్లున పగిలింది. ఈ వారంలో అది మూడోది.

"ఇంక చాలమ్మా, ఆ కుట్టుమిషను మూలకి తోసెయ్" అన్నాడు కొడుకు పెంకులు ఏరుతూ. "నలభై ఏళ్లు కుట్టావు, చాలదూ?"

"మూలకి తోసేది మిషన్నా, నన్నా?" అంది ఆవిడ.

బడి పాటల బృందానికి ముప్ఫై కోట్లు ఒప్పుకుంది మరి. డబ్బు కోట్లు కాదు, తొడుక్కునే కోట్లు. గడువు రెండు నెలలు. చూస్తే కుడిచేతి వేళ్లు మొద్దుబారి, తెల్లారేసరికి చీమలు పాకినట్టు తిమ్మిరి. చెబితే పని మానమంటారని ఎవరికీ చెప్పలేదు.

"ఆవిడ మీద అరవకండి" అంటూ కోడలు అడ్డొచ్చింది. "నాకూ వస్తువులు ఇలాగే చేజారుతున్నాయి. ఆర్నెల్లుగా సెలూన్లో కత్తెర పడితే వేళ్లు నావి కావనిపిస్తోంది. నన్నూ మానెయ్యమంటారా?"

అత్తగారు నోరెళ్లబెట్టింది.

"దొంగమొహమా, నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా!"

"మీరు చెప్పారా అత్తయ్యా?"

ఆ రోజే ఇద్దరూ డాక్టరమ్మ దగ్గరికెళ్లారు. ఆవిడ పరీక్షలు చేసి, "మణికట్టులో నరం నలుగుతోంది, కార్పల్ టనెల్ అంటారు" అంది. "ముదరలేదు, ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదు. మణికట్టులో ఇంజెక్షన్ ఇస్తే త్వరగా తగ్గుతుంది, కానీ కొందరికి తిరగబెడుతుంది. లేదంటే రాత్రిళ్లు చెయ్యి వంగకుండా పట్టీ. దానికి ఓపిక కావాలి. ఏదైనా సరే, పని మధ్యలో చేతికి విశ్రాంతి తప్పదు."

"నాకు గడువుంది, పొడిచెయ్యండి" అంది అత్తగారు.

"నాకు సూదంటే హడల్, పట్టీ ఇవ్వండి" అంది కోడలు.

పదిరోజులకే అత్తగారి వేళ్లకు ప్రాణం లేచొచ్చింది. "చూశావా! నువ్వింకా ఆ కర్రచేత్తోనే ఉండు" అని ఎకసెక్కాలాడింది. మర్నాడు రాత్రి కోడలు పట్టీ విసిరికొట్టి, "ఇది నావల్ల కాదు" అని భోరుమంది.

అత్తగారు నాలిక్కరుచుకుంది. పట్టీ ఏరి తెచ్చి, కోడలి చెయ్యి ఒళ్లో పెట్టుకుని తనే కట్టింది.

"నా నోరు మంచిది కాదే. సూది పరుగెత్తింది, పట్టీ నడుస్తుంది. ఊరైతే చేరుస్తుందిగా!"

అప్పట్నుంచి రోజూ ఆవిడే కట్టింది. కొడుకేమో అరగంటకోసారి మిషను దగ్గరికొచ్చి, "లే అమ్మా, చెయ్యి దించు" అని కాపలా కాశాడు.

ఆరోవారం ఓ పొద్దున కోడలు కేకేసింది. "అత్తయ్యా! తిమ్మిరి లేదు! ఒక్క వేలికీ లేదు!" ఇద్దరూ వంటింట్లో గంతులేశారు.

గడువుకి రెండ్రోజుల ముందే ముప్ఫై కోట్లూ బడికి చేరాయి. పాటల రోజున పిల్లలు వాటిలో మెరిసిపోతుంటే టీచరు మైకులో అడిగింది: "ఇవి కుట్టిందెవరు?"

కొడుకు గభాలున లేచాడు. "మా అమ్మ!"

హాలంతా చప్పట్లతో మోగిపోయింది. అందరికంటే గట్టిగా కొట్టింది కోడలే. అత్తగారు కళ్లు తుడుచుకుని తనూ చప్పట్లు అందుకుంది. కొట్టగా కొట్టగా అరచేతులు ఎర్రబడి చుర్రుమన్నాయి. ప్రతి వేలికీ తెలిసింది ఆ మంట.