పుస్తె కట్టే షాటు

చిక్కడపల్లిలో విద్యాసాగర్ స్టూడియో అంటే కింద ఫోటోలు, పైన వీడియో మిక్సింగ్. పైగది కిటికీలకు నల్లగుడ్డ కొట్టి ఉంటుంది కాబట్టి పట్టపగలు కూడా అక్కడ చీకటే. ఆ చీకట్లో కూర్చుని మామూలు పెళ్లిళ్లను సినిమాలుగా మార్చడం కరుణాకర్ పని. వంటవాళ్ల అరుపులూ పిల్లల ఏడుపులూ తీసేసి పాట పెడతాడు. తలంబాల బియ్యం ఒక్కొక్క గింజా మెల్లగా రాలేట్టు చేస్తాడు. అప్పగింతలకు నీలిరంగు పూస్తాడు. తెరకు పైనా కిందా నల్లపట్టీలు వేసేసరికి, గల్లీలో టెంటు కింద జరిగిన పెళ్లి కూడా పెద్ద థియేటర్లో ఆడే బొమ్మలా కనబడుతుంది. కరుణాకర్ చేతిలో పడితే కాకి కూడా నెమలేనని హిమాయత్‌నగర్ దాకా పేరు.

1996 శ్రావణంలో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, అతని ముందున్నది బయటి గిరాకీ కాదు. సొంత చెల్లెలు స్వరూప పెళ్లి. తండ్రి పోయాక అతని చేతుల మీద పెరిగిన పిల్ల. సంబంధం తెచ్చింది స్టూడియో యజమాని విద్యాసాగరే. పెళ్లికొడుకు ఎల్లేష్ ఆయనకు మేనత్త కొడుకు. "పోరడు బంగారం. నాది పూచీ" అన్నాడు. ఆ ఒక్క మాట మీద కరుణాకర్ ఇంకెవరినీ వాకబు చేయలేదు. పని నేర్పిన అన్న, ఆకలేస్తే అన్నం పెట్టించిన అన్న. ఆయన్ని అనుమానించడమంటే అతనికి తన చేతిని తాను అనుమానించడమే.

ఆ సాయంత్రం ఎల్లేష్ అశోక్‌నగర్‌లోని కరుణాకర్ ఇంటికి వస్తాడు. తల్లి ఆశమ్మ ఒడిబియ్యం పోసి కూతుర్ని కాపురానికి పంపుతుంది. పోయేలోగా అందరూ కూర్చుని క్యాసెట్ చూడాలని స్వరూప కోరిక. "సినిమా లెక్క ఉండాలె అన్నా. నన్ను చూసి నేనే గుర్తువట్టొద్దు" అని పొద్దున నవ్వింది.

అంతా కుదిరింది గానీ అసలు ఘడియే లేదు. పుస్తె కట్టే వేళకు కెమెరా ఉన్నట్టుండి కిందికి వాలిపోయి, చాప అంచునూ ఎవరివో పాదాలనూ తీసింది. తీసింది స్వయంగా విద్యాసాగర్. చేయి తిరిగిన మనిషి. ఏమైందని అడిగితే, "జనం మీద పడ్డరు" అని మొహం తిప్పుకున్నాడు.

ఇలాంటి లోటు పూడ్చడం మిక్సింగ్ వాళ్లకు కొత్త కాదు. వేరే పెళ్లిలోంచి రెండు చేతులూ ఒక మెడా తెచ్చి అతికిస్తారు. మొహం కనబడకపోతే ఎవరి మెడ అయితేనేం? ఎంతమంది ఆడవాళ్లు ఇంకెవరి మెడనో చూసి, తమదేననుకుని కళ్లు తుడుచుకున్నారో! బీరువా అడుగున వెతికితే పేరు రాయని పాత క్యాసెట్ ఒకటి దొరికింది. అందులో అచ్చంగా కావలసిన షాటు. జడ పక్కకు తీసిన మెడ, దాని మీద చింతగింజంత నల్లమచ్చ. పసుపుతాడు ముడివేస్తున్న మగచేతులు.

దాన్ని నిదానం చేసి, రంగు దించి, పట్టీలు వేసి, చెల్లెలి పెళ్లిలో అతికించాడు. మళ్లీ వేసి చూసుకుని మురిసిపోయాడు. చేతులు కూడా ఎంత బాగా కలిశాయి! అచ్చం ఎల్లేష్ చేతులే...

కుడి బొటనవేలి గోరు మధ్యకు చీలి ఉంది.

తలంబాల దగ్గరికి టేపు తిప్పాడు. బియ్యం పోస్తున్న ఎల్లేష్ చేయి. అదే బొటనవేలు. అదే చీలిక.

పాత క్యాసెట్ మళ్లీ పెట్టి ముందుకు నడిపాడు. పెళ్లికొడుకు తల ఎత్తాడు. మీసం కాస్త పలచన, అంతే. ఎల్లేషే.

మిషన్ల వేడికి ఎప్పుడూ కాలిన రబ్బరు వాసన వేసే గదిలో... తడి పసుపు వాసన. అప్పుడే నూరిన పసుపు.

టేపు వెనక్కి తిప్పి, మెడ దగ్గర బొమ్మ ఆపాడు. గీతలు గీతలుగా వణికి ఆగింది. చేతులు ఆగాయి. ముడి ఆగింది.

మెడ ఆగలేదు.

మెల్లగా తిరుగుతోంది... చెవి కనబడింది... చెంప... ఒక కన్ను. ఆ కన్ను పెళ్లికొడుకును చూడటం లేదు. కరుణాకర్‌నే చూస్తోంది. పెదవులు కదిలాయి. ఏమందో వినబడలేదు. పాట పెట్టడం కోసం శబ్దం అతనే తగ్గించి ఉంచాడు.

వెనక తలుపు కిర్రుమంది. టీ పట్టుకుని వచ్చిన విద్యాసాగర్ తెరను చూశాడు. గ్లాసు కిందపడి పగిలింది.

"గా క్యాసెట్... యాడ దొరికింది నీకు?"

"ఎవలన్నా ఈమె?"

"మా అత్తోళ్లు చెరిపెయ్యమన్నరు. క్లోజప్‌లు మంచిగున్నయని దాసిన..."

"ఎవలని అడుగుతున్న!"

"మంగ. ఎల్లేష్ మొదటి పెండ్లాం. కాపురానికొచ్చి నెల తిరగకముందే పోయింది. జరమన్నరు. నేను ఎక్కువ అడగలే."

"నాకెందుకు చెప్పలే అన్నా?"

"చెప్తే పిల్లనిస్తుంటివా? మా అత్త కాళ్ల మీద పడ్డదిరా..."

కరుణాకర్‌కు ఏడుపు కూడా రాలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలవడమంటే ఇదే. ఈ మనిషే సంబంధం తెచ్చాడు. ఈ మనిషే అన్నీ తెలిసి, స్వరూప నెత్తిన అక్షింతలు వేసి దీవించాడు.

విద్యాసాగర్ గొంతు గుసగుసలోకి దిగింది. "పెండ్లినాడు... కెమెరాలకెళ్లి చూస్తే స్వరూప కనబళ్లే కరుణా. పీటల మీద ఈమెనే కూసున్నది. అందుకే కెమెరా దించిన."

అంటూనే పాత క్యాసెట్ బయటికి లాగి, రీలు వేళ్లకు చుట్టి పుటుక్కున తెంపేశాడు. "మాఫ్ చెయ్‌రా. మా అత్త ఇజ్జత్..."

మిగిలింది కొత్త క్యాసెట్. అందులో ఆ ఒక్క షాటు. కరుణాకర్ దాన్ని చొక్కాలో దోపుకుని వానలోకి ఉరికాడు. చిక్కడపల్లి రోడ్డు దాటి, అశోక్‌నగర్ గల్లీలోకి తిరిగేసరికి ఇంటి ముందు కారు ఆగి ఉంది.

లోపల ఎల్లేష్ కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని ఉన్నాడు. స్వరూప ఒడి నిండా బియ్యంతో గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"అమ్మా, చెల్లెను పంపకు. ఈయనకు ముందే పెండ్లయింది. ఆ పిల్ల సచ్చిపోయింది!"

ఆశమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎల్లేష్ కోప్పడలేదు. "ఎవలు చెప్పిండ్రు బావా? సబూత్ ఉన్నదా?" అన్నాడు తాపీగా.

"ఉన్నది." క్యాసెట్ పెట్టి ఆ షాటుకు తెచ్చాడు. "చూడుండ్రి, ఆ చేతులు ఈయనవే. గోరు చూడుండ్రి. మెడ మన స్వరూపది కాదు. మచ్చ..."

తెర దగ్గరికి వంగి చూశాడు.

మచ్చ లేదు. తెల్లటి మెడ. చెవి కింద, చిన్నప్పుడు డాబా మెట్ల మీద పడితే వేసిన కుట్ల గుర్తు. ఆ ఇంట్లో అందరూ ఎరిగిన గుర్తు.

"గిది మన స్వరూపనే కద బిడ్డా" అంది ఆశమ్మ, ఊపిరి పీల్చుకుని. "నిద్ర లేక పరేషాన్ అయినవ్. జర పండుకో." ఎల్లేష్ నవ్వాడు.

స్వరూప గుమ్మం దగ్గరి నుంచి వచ్చి అన్న కాళ్లకు మొక్కింది. వంగినప్పుడు జడ పక్కకు జారింది.

మెడ మీద... చింతగింజంత మచ్చ.

తడి పసుపు వాసన గుప్పుమంది. "చెల్లే..." అన్నాడు. ఆమె అతని వైపు చూడలేదు. ఎల్లేష్‌ను చూసింది. ఆ చీలిన గోరును చూసింది.

"పోదాం పా" అంది. "మన ఇల్లు చూసి మస్తు దినాలాయె."

ఎల్లేష్ మొహంలో నవ్వు ఆగిపోయింది. ఆమె అతని చేయి పట్టుకుంది. అతను లాక్కోబోయాడు గానీ ఆమె వదల్లేదు. కారు తలుపు పడింది. ఆశమ్మ కళ్లు తుడుచుకుంటూ గల్లీ చివరిదాకా వెంట నడిచింది.

వేరే ఆడదాని పుస్తెను చెల్లెలి పెళ్లిలో అతికించింది ఎవరు? తనే. తన చేతులతోనే. కరుణాకర్ కారు వెనక పరిగెత్తబోయి ఆగాడు. టీవీ ఇంకా నడుస్తూనే ఉంది. రెప్పపాటులో అయిపోవలసిన ఆ షాటు... ఇంకా అయిపోలేదు.

మెడ మెల్లగా తిరుగుతోంది. కుట్ల గుర్తు... చెంప... కన్ను.

స్వరూప.

పెదవులు కదులుతున్నాయి. అన్నా... అన్నా... శబ్దం ఆఖరిదాకా పెంచాడు. అతను పెట్టిన పాటే వస్తోంది. టేపు ఆపితే ఏమవుతుందో తెలియదు. ఆపకపోతే ఏమవుతుందో తెలియదు. తెర ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

అప్పుడు చూశాడు. ఆమె తల కొంచెం వంచుకుని ఉంది, పైన ఏదో తగులుతున్నట్టు. తెరకు పైనా కిందా అతను వేసిన నల్లపట్టీలు... మధ్యాహ్నం వేసినప్పటికంటే దగ్గరగా ఉన్నాయి.