కొట్టేసిన పేరు

తలుపు తోసుకుని వచ్చినావిడ కూర్చోమన్నా కూర్చోలేదు. చేతిలోని ఫారం బల్లమీద పెట్టి, "మా ఆయన నా పిల్ల పేరు కొట్టేశాడమ్మా!" అంది.

డిటెక్టివ్ మేడమ్ కాగితం ముట్టుకోకుండా చాలాసేపు చూసింది. మేడమ్ దేన్నైనా అంతసేపు చూస్తే అందులో ఏదో ఉండి తీరుతుందని అసిస్టెంటు నమ్మకం. అతనూ మెడ సాచాడు. ఆరోగ్య బీమా ఫారం. పిల్లల వరసలో మూడు పేర్లు, మొదటి పేరు మీద గీత.

"ఎవరీ అమ్మాయి?"

"మా అక్క కూతురు. అక్క పోయాక నా దగ్గరే పెరిగింది. ఇప్పుడు దానికి పన్నెండేళ్లు. పోయిన నెలే దత్తత కాగితాలు చేతికొచ్చాయి. మా చిన్నాడికి ఆయాసం. ఇద్దరు పిల్లలకైతే ప్లాను చవక, మూడో పిల్లకి ప్రీమియం పెరుగుతుందన్నాడు ఏజెంటు. ఈయన 'ఆలోచిద్దాం' అని లేచెళ్లాడు. నేను ముగ్గురి పేర్లూ రాసి, రాత్రి ఆయన చేత సంతకం పెట్టించి అల్మారాలో పెట్టా. పొద్దున చూస్తే ఇదీ! సాయంత్రం అయిదింటికల్లా ఇవ్వాలి. ఆ మనిషితో ఇంకెలా కాపురం చేయను?"

అసిస్టెంటుకు ఆ మొగుడి మీద ఒళ్లు మండింది.

"ఆయనేం చేస్తారు?" అంది మేడమ్.

"లారీ మెకానిక్కు."

"అంచున ఈ ఒకటి అంకె వేసి సున్నా చుట్టిందెవరు?"

"పేజీ నంబరేమో."

"ఇది మూడో పేజీ," అంటూ మేడమ్ లేచింది.

ఆవిడది రెండు గదుల ఇల్లు. కిటికీ దగ్గర పెద్దమ్మాయి, ఆ అక్క కూతురే, లెక్కలు చేసుకుంటోంది. మేడమ్ ఆ పిల్ల నోటుపుస్తకం తీసి తిరగేసింది. ఏమీ తోచక చేస్తోందనుకున్నాడు పాపం అసిస్టెంటు. నాలుగింటికి మెకానిక్కూ ఏజెంటూ వచ్చాక, అందరినీ కూర్చోబెట్టింది.

"ఏజెంటుగారూ, ఈ పేరు పోతే మీకేం లాభం?"

"లాభమా! నా కమీషను తగ్గుతుంది మేడమ్."

"ఇక మెకానిక్కుగారు. ఆయన సంతకం పక్కన గ్రీజు వేలిముద్ర ఉంది. ఆయన ముట్టుకున్న కాగితానికి అది తప్పదు. కొట్టేసిన పేరు దగ్గర చిన్న మరకైనా లేదు. పైగా స్కేలు పెట్టి గీశారు. కోపంతో కొట్టేసేవాళ్లు స్కేలు వెతుక్కోరు. ఎన్ని కొట్టివేతలో లెక్కపెట్టి, అంచున అంకె వేసి, సున్నా చుట్టమనేది బడిలోనే."

నోటుపుస్తకం తెరిచి చూపించింది. ప్రతి పేజీ అంచునా సున్నా చుట్టిన అంకె ఉంది.

పెద్దమ్మాయి తల వంచుకుంది. "ఇద్దరైతే చవకన్నారు కదా పిన్నీ. తమ్ముడికి ఆయాసం. నాకు జ్వరమైనా రాదు."

ఆవిడ పిల్లని లాక్కుని గుండెకు హత్తుకుంది. మొగుడి మొహం చూడడానికి సిగ్గుపడింది. అసిస్టెంటూ సిగ్గుపడ్డాడు, తన లోపలి తిట్లు ఎవరికీ వినపడకపోయినా.

"ఆలోచిద్దామన్నది పిల్లని తీసేద్దామని కాదే," అన్నాడు మెకానిక్కు. "ఆదివారాలు కూడా పని ఇమ్మని మా ఓనర్ని అడుగుదామనుకున్నా."

"ఆ మాట నాతో అనొచ్చుగా!"

అతను ఏజెంటు దగ్గర కొత్త ఫారం తీసుకున్నాడు. రాత అలవాటు లేని చేత్తో నెమ్మదిగా, పిల్లల వరసలో మొదట పెద్దమ్మాయి పేరు రాశాడు. బంధుత్వం అన్నచోట 'కూతురు' అని రాశాడు. దాని పక్కనే బొటనవేలి గ్రీజు అంటుకుంది.

"అయ్యో, ఇంకో ఫారం ఇమ్మంటారా?" అన్నాడు ఏజెంటు.

"వద్దండీ," అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ. "ఆ మరక అలాగే ఉండనివ్వండి."