ఫైల్లో కనపడని వాక్యం

జెనిఫర్ శవం బందరు కాలువలో తేలిన వారానికి ధీరజ్‌ని గుడివాడ రమ్మని కబురొచ్చింది.

స్టేషన్ రోడ్డులో చేపల మేత కొట్టు. కౌంటర్ వెనక లావుపాటి పెద్దమనిషి.

“టైగర్ రొయ్య మేత ఉందాండీ?”

“టైగర్ ఎవరు వేస్తున్నారండీ ఇప్పుడు? అంతా వెనామీ రొయ్యే.”

కోడ్ సరిపోయింది. ఆ పెద్దమనిషి, దైవాధీనం, షట్టర్ దించాడు. ఈ కోస్తాలో కౌంటర్ ఇంటెలిజెన్స్ ఆపరేషన్లన్నీ ఆ కొట్టులోంచే నడుస్తాయి.

“మచిలీపట్నంలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు. చేపల వేటబోటు ఎక్కడుందో చూపే ట్రాకర్‌కి హెల్ప్ పేజీలు తయారు చేస్తారు. బటన్ నొక్కితే ఏం చెయ్యాలో ట్రాకర్ తెలుగులో చదివి వినిపిస్తుంది. జెనిఫర్ అక్కడ మన మనిషి.”

“ఎవరు చంపారు?”

“విదేశీ ముఠా. తుఫాను రోజున దివిసీమలో ఆయుధాల బోటు దింపుతారట. ఆ రోజు మన బోట్లన్నీ స్క్రీన్ మీంచి మాయమైపోతాయట. అదెలా చేస్తారో జెనిఫర్‌కి తెలిసింది. మనకి చెప్పేలోపే పోయింది.”

“అక్కడ ఇంకెవరున్నారు మనకి?”

“సువర్ణ. ముఠా జీతం తీసుకుంటూ మనకి పనిచేస్తోంది. నీ అసలు పేరు తెలిసేది ఆవిడొక్కదానికే.”

అలా ధీరజ్ జీవన్ కుమార్ అయ్యాడు. మందపాటి కళ్ళజోడు, దాని ఫ్రేములో కెమెరా. చిలకలపూడిలో అద్దె గది. టెక్నికల్ రైటర్ ఉద్యోగం. నిపుణులు వర్డ్‌లో రాసి పంపిన డాక్యుమెంట్లను హెల్ప్ పేజీలు తయారుచేసే ఆథరింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఇంపోర్ట్ చెయ్యాలి. హెడ్డింగ్ కనపడ్డ ప్రతిచోటా సాఫ్ట్‌వేర్ ఫైలును తెగ్గొట్టి ఒక్కో పేజీ చేస్తుంది. చెదిరిపోయిన నంబర్లూ విరిగిపోయిన టేబుళ్ళూ సరిచేసుకుంటూ కూర్చోవాలి. ఎండాకాలం పోయి వానలొచ్చాయి. పలకరించే మనిషి లేడు.

ఆదివారాలు చర్చికెళ్ళేవాడు. కవర్ స్టోరీ ప్రకారం అతనికి తెనాలిలో తల్లి ఉంది.

“అమ్మగారి మోకాళ్ళెలా ఉన్నాయి బాబూ?” అని రాజమ్మగారనే పెద్దావిడ ప్రతివారం అడిగేది.

“కొంచెం నయమండీ.”

సంఘమంతా ఆ తల్లి కోసం ప్రార్థన చేసేది. అనాథాశ్రమంలో పెరిగిన ధీరజ్ తల వంచుకుని ఆమెన్ అనేవాడు. ఒక ఆదివారం గదికి వచ్చాక, లేని ఆ తల్లి మీద నిజంగానే బెంగ పెట్టుకున్నాడు.

బుధవారాలు సువర్ణ వచ్చేది. పెడన కలంకారీ చీర, నల్ల కళ్ళద్దాలు, ఎర్ర కారు. ఆఫీసులో ఆవిడ కన్సల్టెంట్. భద్రత డాక్యుమెంట్లన్నీ ఆవిడే తెచ్చేది, పేజీలను బోట్లకి పంపే రిలీజ్ పాస్‌వర్డ్ కూడా ఆవిడ దగ్గరే. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, “ధీరజ్” అనేది. ఆ ఒక్క పిలుపు కోసం అతను గురువారం నుంచే ఎదురుచూసేవాడు.

అక్టోబరు చివర బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టింది. ఆ బుధవారం మధ్యాహ్నం సువర్ణ పెన్‌డ్రైవ్ ఇచ్చింది.

“తుఫాను పేజీలు. పెద్దవాళ్ళందరూ చూసి ఓకే చేశారు. ఇంపోర్ట్ చేసి ఉంచు. సాయంత్రం వచ్చి రిలీజ్ చేస్తా.”

ఇంపోర్ట్ చేసి ప్రివ్యూ తెరిచాడు. మొదటి పేజీలో మొదటి వాక్యం: ‘పిడుగు ప్రమాదం ఉంది, వెంటనే ట్రాకర్ ఆపేయండి.’

వర్డ్ ఫైలు తీసి చూశాడు. అందులో ఆ వాక్యం లేదు. దాచిన అక్షరాలు చూపించే బటన్ నొక్కాడు. కింద చుక్కల గీతతో వాక్యం పైకి తేలింది. హిడెన్ టెక్స్ట్. వర్డ్‌లో చదివేవాళ్ళకి కనపడదు, ప్రింట్ తీసినా రాదు. ఇంపోర్ట్ చేస్తే మాత్రం మామూలు అక్షరాలై వచ్చేస్తుంది.

బోట్లన్నీ ఒక్కసారే ట్రాకర్లు ఆపేస్తే ఏది మనదో ఏది ముఠాదో ఎవరికీ తెలీదు. తుఫానులో చిక్కుకున్నవాళ్ళని వెతికే దారి కూడా ఉండదు.

ఫైలు ఎవరు తెచ్చారో అతనికి తెలుసు. కళ్ళజోడు ఫ్రేము నొక్కి, స్క్రీన్ ఫొటో గుడివాడకి పంపాడు.

జవాబు వెంటనే వచ్చింది. “రిలీజ్ ఆపకు. ఆగితే వేరే ఒడ్డు చూసుకుంటారు. పేజీ సరిచేసి ఆవిడ చేతే నొక్కించు. బయల్దేరా.”

ఇంపోర్ట్ సెట్టింగుల్లో హిడెన్ టెక్స్ట్ వదిలెయ్యమని టిక్ పెట్టాడు. ఫైలు మొదట్లో తన మాట ఒకటి టైపు చేసి, పేజీలన్నీ ఒక్కొక్కటే సరిచూసి, గంట తర్వాత మళ్ళీ ఇంపోర్ట్ చేశాడు. ప్రోగ్రెస్ బార్ నిండీ నిండకముందే మెట్ల మీద హీల్స్ చప్పుడు. చెప్పిన టైముకంటే ముందే వచ్చేసింది. అతను వర్డ్ విండో మూసేలోపే తలుపు తెరుచుకుంది.

సువర్ణ చూపు చుక్కల గీత దగ్గర ఆగింది. తలుపు గడియ పెట్టి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సైలెన్సర్ బిగించిన పిస్టల్ తీసింది.

“చదివావా?”

“నా పని అదే కదండీ.”

“జెనిఫరూ చదివింది. పరిగెత్తుకొచ్చి మొదట నాకే చెప్పింది, పిచ్చిది. నువ్వెవరికి చెప్పావు?”

“చెప్పుకోడానికి నాకెవరున్నారు?”

ఆమె నమ్మింది. నమ్మడానికి కష్టపడాల్సిన మాట కాదు. ఎడమచేత్తో పాస్‌వర్డ్ కొట్టి, రిలీజ్ నొక్కింది. అతని మీంచి చూపు తిప్పకపోవడం వల్ల పేజీ చదవలేదు.

“పారిపోవచ్చుగా. ఎందుకున్నావ్?”

“బుధవారం కదా.”

సువర్ణ పిస్టల్ అతని తలకి గురిపెట్టింది. “సారీ, ధీరజ్.”

అతని ఫోన్ మోగింది. నాగాయలంక బాబూరావు. ట్రాకర్లను సముద్రం మీద పరీక్షించి చెప్పే చేపల వేటగాడు.

“స్పీకర్‌లో పెట్టు,” అంది సువర్ణ.

“జీవన్‌బాబూ, బోటు మీదున్నామండీ. కొత్త మాటొచ్చింది, ఇనండి.”

గాలి హోరులోంచి యంత్రం గొంతు: “ట్రాకర్ ఆపకండి. ఎవరు చెప్పినా ఆపకండి. ఒడ్డుకు రండి.”

“ఆపొద్దనే కదండీ?”

“ఆపొద్దు బాబాయ్. అందర్నీ తీసుకుని వచ్చెయ్.”

సువర్ణ ట్రిగ్గర్ మీద వేలు బిగించింది. అదే క్షణంలో ఆమె వెనకున్న తలుపు విరిగిపడింది. తూటా అతని చెవి పక్కనుంచి మానిటర్‌లోకి దూసుకుపోయింది. దైవాధీనం ఆమె మణికట్టు మెలితిప్పి పట్టుకున్నాడు. చొక్కా నిండా ఇంకా మేత పొడే.

ఆమెను కిందికి తీసుకెళ్తుంటే ధీరజ్ కిటికీలోంచి చూశాడు. ఆమె తలెత్తలేదు.

తెల్లారేసరికి దివిసీమ బోట్లన్నీ ఒడ్డెక్కాయి. రాడార్ మీద పేరు లేని చుక్క ఒక్కటే మిగిలింది. దాన్ని కోస్ట్ గార్డ్ చుట్టుముట్టింది.

“సార్, రాజమ్మగారికి ఒక మాట చెప్పి వస్తాను,” అన్నాడు ధీరజ్, దైవాధీనం కారెక్కుతూ.

“ఏమని చెప్తావు?”

దైవాధీనం అతన్ని పామర్రు సెంటర్లో దింపి వెళ్ళిపోయాడు. తుఫాను వెలిసినా జనం ఇంకా ఇళ్ళలోంచి కదల్లేదు. విజయవాడ బస్సు ఖాళీగా ఉంది.

“ఎంతమందండీ?” అన్నాడు కండక్టర్.

“ఒక్కణ్ణే.”

“అయితే కిటికీ సీటు కోసం కొట్టుకునే పనిలేదు లెండి.”