ఊయలకు కట్టిన మైకు

పొయ్యి మీద చాయ్ మరిగేలోపు భారతమ్మ నాలుగుసార్లు లోపలి గదికి వెళ్లి వచ్చింది. ఊయలలో ఏడు నెలల మనవరాలు హాయిగా నిద్రపోతోంది. అయినా ఆమె కాలు ఒకచోట నిలవలేదు. వారం రోజులుగా ఇదే తీరు.

సోమవారం నుంచి కోడలు రేఖ మళ్లీ పనికి వెళ్లాలి. రావిర్యాల దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో సర్క్యూట్ బోర్డుల మీద చిన్న చిన్న భాగాలు అతికే సోల్డరింగ్ పని చేస్తుందామె. పొడిగించుకున్న కాన్పు సెలవు కూడా అయిపోవచ్చింది. ఇక పగలంతా పాప భారం భారతమ్మదే.

భారతమ్మకు రెండేళ్లుగా చెవులు సరిగా వినిపించడం లేదు. ఆ సంగతి కొడుకు అరుణ్‌కుమార్‌కు కూడా చెప్పలేదు. ఎవరైనా "పిలిస్తే పలుకవేంది?" అంటే, "విమానం మోతల ఇనవడలే" అనేది. విమానాశ్రయం వచ్చి మూడేళ్లయిన శంషాబాద్‌లో ఆ మాటను కాదనేవాళ్లెవరు?

ఆ పొద్దున పాలకు తోడు కోసం పక్కింటి స్వరాజ్యం వచ్చి కూర్చుంది. రేఖ వాచీ బెల్టుకు బిగించిన చిన్న డబ్బా ఒకటి తెచ్చి అత్త చేతికి కట్టబోయింది.

"ఏందే ఇది?"

"నేనే చేసిన అత్తమ్మా. ఊయలకు మైకు కట్టిన. పాప ఏడిస్తే బొమ్మకారు రిమోటు నుంచి దీనికి సిగ్నల్ వస్తది. లోపల పాత సెల్లు మోటారు ఉంది, చేతిమీద గుర్రుమని వణుకుతది. నీకు ఇనవడకున్నా తెలుస్తది."

స్వరాజ్యం కళ్లు పెద్దవి చేసింది. భారతమ్మ మొహం కందిపోయింది. బెల్టు లాగి బట్టల మూట మీదికి విసిరింది. స్వరాజ్యం గిన్నె తీసుకుని మెల్లగా జారుకుంది.

"నాకు చెవుడని ఎవలు జెప్పిన్రే నీకు? వాడకట్టంతా చాటింపు వేస్తవా?"

"ఆమె ముందల అనుడు నాదే తప్పు. కానీ నెల సంది చూస్తున్న అత్తమ్మా. ఎనక నుంచి పిలిస్తే పలుకవు. నా పెదవులు జూసి జవాబు చెప్తవు. రేపు పాప ఏడిస్తే ఎట్ల?"

"నీ మొగన్ని పెంచింది నేను గాదా? నమ్మకం లేకుంటే పని మానెయ్!"

"మానేస్త." రేఖ మూట మీది బెల్టు తీసింది. "కానీ ఒక్కమాట చెప్పు. నీకు బాగనే ఇనవడితే, వారం సంది ఊయల కాడికి గిట్ల ఎందుకు ఉరుకుతున్నవ్?"

భారతమ్మ గోడకు ఆనుకుని అలాగే కూలబడింది.

"పోయిన మంగళారం నువ్వు బజారుకు పోయినవ్ గదా," అంది. "నేను వంటింట్ల బియ్యం ఏరుకుంట కూసున్న. లేచి గదిలకు పోయి చూస్తే, పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. వెక్కిళ్లు పెడుతున్నది. ఎంతసేపు ఏడ్చిందో నాకు తెల్వదు బిడ్డా. చెప్తే ఇగ పిల్లను నా చేతికి ఇయ్యవని భయమైంది."

రేఖ వచ్చి ఆమె ఎదురుగా చతికిలబడింది. "నిన్ను కాదని ఎవలికిస్త అత్తమ్మా? శనివారం చెవుల దవాఖానకు పోదాం. అందాక ఇది కట్టుకో."

భారతమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని తనే చెయ్యి చాపింది.

బెల్టు బిగించి కాసేపైందో లేదో, డబ్బా గుర్రుమంది. ఆమె ఉలిక్కిపడి గదిలోకి పరుగెత్తింది. పాప ఏడవడం లేదు. మేలుకొని, కాళ్లు తన్నుకుంటూ కేరింతలు కొడుతోంది. చేతిమీద వణుకు ఆగి, పాప మళ్లీ కేరింత కొట్టగానే మొదలైంది.

"నవ్వుతున్నదే రేఖా!" భారతమ్మ చెంపల మీద నీళ్లు ధారగా కారుతున్నాయి. "గిన్ని దినాల సంది ఇది గూడ నాకు ఇనవడలేదా?"