మిర్చిని తలుచుకున్న ఆదివారం

శనివారం పొద్దున మల్లిక కూతురికి జడ వేస్తుండగా ఫోన్ మోగింది. తెలియని నంబరు. తాను నర్సుగా పనిచేసే దవాఖాన నుంచి ఎవరో అయివుంటారనుకొని, దువ్వెన పక్కన పెట్టి ఎత్తింది.

"మల్లికేనా అమ్మా? నేను పాలమూరు నుంచి నిర్మలమ్మను మాట్లాడుతున్న. టీచర్‌గ రిటైరయిన. దిక్కులేని పిల్లులకు షెల్టర్ నడుపుతున్న. మీ మిర్చి మొన్న గురువారం పోయింది బిడ్డా. తిప్పలేం పడలే, నిద్రలనే పోయింది. రేపు దాన్ని తలుచుకుంటున్నం. నువ్వు వస్తే బాగుంటదని ఫోన్ చేసిన."

మిర్చి పోయి ఎనిమిదేళ్లయిందనే మల్లిక అనుకుంటోంది.

ఇంటర్ చదివే రోజుల్లో వానలో తడుస్తున్న రెండు పిల్లికూనలను మల్లిక ఇంటికి తెచ్చుకుంది. తెల్లనిది జున్ను, ఎర్రమచ్చలది మిర్చి. ఆ తర్వాత ఏడేళ్లకు, తనతో పనిచేసే డేవిడ్‌ను పెళ్లి చేసుకుంటానంది. "నేను సచ్చినంక చేస్కో" అన్నాడు తండ్రి కురుమయ్య. ఆయన తాపీమేస్త్రి, ఒకసారి గోడ కడితే కదిలించడం ఎవరి తరమూ కాదు. మల్లిక కట్టుబట్టలతో వెళ్లిపోయింది. నెల తర్వాత ఫోన్ చేస్తే తల్లి బిక్షమ్మ ఏడ్చింది. "రెండు పిల్లులను గంపల పెట్టుకొని పోయిండే మీ బాపు. ఉత్త గంపతోని వచ్చిండు. అడిగితే నోరు తెరుస్తలేడు."

తన మీద కోపం నోరులేని జీవాల మీద తీర్చుకున్నాడు! మల్లిక అంతా క్షమించగలిగింది గానీ దాన్ని క్షమించలేకపోయింది. కూతురు రూబీ పుట్టినప్పుడు కూడా తండ్రికి కబురు పెట్టలేదు.

"పోయి రా," అన్నాడు డేవిడ్. "నాకు డ్యూటీ ఉంది. రూబీని తీస్కపో."

ఆదివారం రెండు బస్సులు మారి తన పుట్టినూరు పాలమూరు చేరేసరికి పదకొండు దాటింది. ఊరి చివర రేకుల షెడ్డు, చుట్టూ ఇనుప జాలీ. లోపల ఎండ పొడలో పాతిక ముప్పై పిల్లులు ఒళ్లు నాక్కుంటున్నాయి. గుమ్మం దగ్గర గోడకు వరుసగా ఫోటోలు, అన్నీ ఇక్కడే బతికి, ఇక్కడే కన్నుమూసినవి. రెండో వరుసలో జున్ను కనిపించింది, ముసలిదై, లావెక్కి. కింద తేదీ. నాలుగేళ్ల కిందటిది.

"మమ్మీ, ఈ పిల్లి నవ్వుతున్నది," అంది రూబీ.

నిర్మలమ్మ ఎదురొచ్చి మల్లిక చేయి పట్టుకుంది. "జున్నుకు నడుము పడిపోయింది చివర్ల. ఎండకు అరుగెక్కలేకపోయేది. అదిగో, దానికోసం కట్టిన మెట్లు. ఒక్కో మెట్టు నాలుగు వేళ్ల ఎత్తు."

చిన్న చిన్న మెట్లు, అంచులు నున్నగా తీర్చినవి. ఆ అంచు తీరు మల్లికకు తెలుసు. తమ ఇంటి గడప అంచు అలాగే ఉంటుంది.

"ఎవరు కట్టిన్రు?" అని అడుగుతుండగానే, షెడ్డు వెనక నుంచి కురుమయ్య నీళ్ల బకెట్‌తో వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది. కూతురిని చూసి బకెట్ కింద పెట్టాడు.

"ఈమెను ఎవరు పిలిచిన్రు?"

"నేనే," అంది నిర్మలమ్మ. "నాకేమన్న అయితే గీ నంబరుకు చెప్పుండ్రి అని నువ్వే రాసిచ్చినవు. నీకేం కాకముందే చెప్పిన. తప్పా?"

మల్లిక ఆయనకు ఎదురెళ్లి నిలబడింది. "ఎనిమిదేండ్లు బాపూ! సంపినవనుకున్న. ఎన్ని దినాలు ఏడ్చిన్నో తెల్సా? బతికున్నయని ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది?"

"నువ్వు అడిగినవా?"

"అమ్మను అడిగిన!"

"నన్ను అడిగినవా?" కురుమయ్య గొంతు పెరిగింది. పిల్లులు రెండు మూడు చెవులు రిక్కించాయి. "ఒక్కసారన్న నాకు ఫోన్ చేసి, ఏం చేసినవ్ బాపూ అని అడిగినవా? నేను గంత కసాయోన్నని ఎట్లనుకున్నవే?"

"మరి ఇంట్ల నుంచి ఎందుకు తీస్కపోయినవు? నా మీద కోపంతోని కాదా?"

ఆయన జున్ను మెట్ల మీద కూలబడి, అరచేతులు మోకాళ్లకు రాసుకున్నాడు.

"నువ్వు డ్యూటీ దిగి వచ్చే యాళ్లకు రెండూ పోయి గేటు కాడ కూసునేటియి. ఆటో సప్పుడైతే లేసేటియి. నువ్వు కాదని తెల్సినంక మళ్ల కూసునేటియి. పదిహేను దినాలు చూసిన. ఇగ నాతోని కాలే. నీకోసం ఎదురుచూడని జాగల ఉంటే అవన్న సుఖంగ ఉంటయని ఈడికి తెచ్చిన."

"మరి నువ్వు?" అంది మల్లిక.

"నేనేడికి పోత?"

ఎనిమిదేళ్లుగా పట్టుకున్న కోపం మల్లిక చేతుల్లోంచి జారిపోయింది. తండ్రి పక్కన మెట్టు మీద కూర్చొని, ఆయన భుజానికి తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన చేయి ఆమె తల దాకా వచ్చి, కాసేపు గాలిలో ఆగి, మెల్లగా దిగింది.

"రోజూ వచ్చేటోడు," అంది నిర్మలమ్మ. "పని మీద పోయే ముందు ఒక గంట. చివరి నెలల మిర్చి ఏం ముట్టకపోతే, చేపముక్క ముండ్లు తీసి దానికి వేలితోని తినిపిచ్చిండు. ఎవరి పిల్లులని అడిగితే ఎప్పుడూ ఒకటే మాట. నా బిడ్డయి, నేను జర చూస్కుంటున్న అంతే, అని."

మధ్యాహ్నం అందరూ చాప మీద కూర్చున్నారు. మిర్చి ముందుగా ఏ కిటికీ ఎంచుకునేదో, కొత్తగా వచ్చిన కూనలను ఎలా తన్ని, ఆ రాత్రే పక్కన పడుకోబెట్టుకునేదో నిర్మలమ్మ చెప్పింది. పరీక్షలప్పుడు తన పుస్తకం మీదే పడుకునేదని మల్లిక చెప్పింది. ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. రెండు ప్రాణాలూ ఎండలో, కడుపునిండా తిని, ప్రేమించేవాళ్ల మధ్య ముసలివై కన్నుమూశాయి. ఇంతకన్నా ఏం కావాలి? మల్లిక లేచి నిర్మలమ్మ కాళ్లకు మొక్కబోయింది. ఆమె వారించి కౌగిలించుకుంది.

రూబీ మాత్రం కురుమయ్యనే చూస్తోంది. చివరికి దగ్గరికెళ్లి అడిగింది. "నువ్వెవరు?"

ఆయన కూతురి ముఖంలోకి చూశాడు, అనుమతి అడుగుతున్నట్టు.

"చెప్పు బాపూ," అంది మల్లిక. "నిన్నే అడుగుతున్నది."

"తాతనే," అన్నాడు కురుమయ్య. "నీకు తాతనైత."

రూబీ ఒక్క క్షణం ఆలోచించి, ఆయన ఒళ్లో కూర్చుంది. "అయితే మిర్చి కథ మొదటి నుంచి చెప్పు."

కురుమయ్య తువ్వాలతో కళ్లు ఒత్తుకొని, గొంతు సవరించుకున్నాడు. "ఒకనాడు పెద్ద వాన పడ్డది బిడ్డా. మీ అమ్మ రెండు పిల్లికూనలను చున్నీల చుట్టుకొని ఇంటికొచ్చింది..."