టిఫిన్ డబ్బాలో బురద

గూఢచారి ఏజెన్సీలో అందరూ షావుకారు అని పిలిచే ఆ ఏజెంటు పొద్దున బయలుదేరేటప్పుడు చేతిలో ఉన్న సరుకు ఇంతే: మూడు గుళ్ళున్న సైలెన్సర్ పిస్టల్, ల్యాబులకు పురుగులమ్మే వ్యాపారినని చెప్పే దొంగ కార్డు, బావమరిది టిఫిన్ డబ్బా, గంటన్నర టైము.

బావమరిదీ ఏజెంటే. రేవు అడుగున బురద తీసే కూలీగా చేరాడు. మూడు రోజుల క్రితం శవమై తేలాడు, నోటినిండా బురదతో. నడుముకు కట్టుకున్న డబ్బాలోనూ బురదే. అదెందుకో చీఫ్‌కి అంతుపట్టలేదు. రేవు బురదలో విదేశీ ముఠా విషం కలిపిందని, పదింటికి ల్యాబ్‌లో అధికారి పురుగుల పరీక్ష చూసి బురద మంచిదేనని సంతకం పెడితే మూడు బార్జీలు దాన్ని మంచినీళ్ళ సరస్సులో కుమ్మరిస్తాయని, ఇక చేపలూ మిగలవు, ఊరూ మిగలదని బ్రీఫింగ్‌లో చెప్పాడు. ల్యాబ్‌లో మన మనిషి పేరు నెమలి.

పేరుకు తగ్గట్టే ఉంది. తెల్లకోటులోనూ కళ్ళు తిప్పుకోనివ్వని మనిషి.

"పురుగులకు ఆకలిగా ఉందా?" అన్నాడు కోడ్ ప్రకారం.

"బురదే తింటున్నాయి," అంది. "పది రోజుల పరీక్ష అయిపోయింది సార్. చూడండి, ఒక్కటీ కనబడదు. అన్నీ చచ్చాయి. సంతకం పడదు, మీరిక వెళ్ళొచ్చు."

షావుకారు బీకర్లలోకి వంగి చూశాడు. బురద నున్నగా ఉంది. వేషం కోసమే అయినా ఆరేళ్ళు పురుగులు పెంచి అమ్మినవాడు. మంచి బురదైతే అవి లోపలికి దూరి దాక్కుంటాయి. విషం తగిలితే పైకొచ్చి చస్తాయి. పైన ఒక్క శవమూ లేదంటే లోపల అన్నీ బతికే ఉన్నాయి. అంటే ఇది రేవు బురద కాదు, మార్చేశారు. తనను ఇంటికి పంపేసి, అధికారికి బతికున్న పురుగులు చూపిస్తారు. బావమరిది డబ్బాలో అసలు బురద ఎందుకు దాచాడో అప్పుడర్థమైంది.

"మా బావమరిదికి బురద తినిపించింది నువ్వేనా అమ్మాయ్?"

నెమలి లిప్‌స్టిక్ తీసింది. "చాలాసేపు తిన్నాడు సార్."

ఆ లిప్‌స్టిక్ మూత తిప్పితే తుపాకీ. తిప్పేలోపే బల్ల కింద పిస్టల్ పేలింది.

ఆమె నేలమీద కొట్టుకుంటూ డాక్టర్ని పిలవమంది. షావుకారు గడియారం చూసుకున్నాడు. పదికి ఆరు నిమిషాలు. ఆమె పక్కనే నిలబడి బీకర్లలోని బురదను తాపీగా జల్లెడ పట్టి, నలభై పురుగులు ఏరుకుని, ఆమెను దాటుకుంటూ పక్కగదికి నడిచాడు.

అధికారి పెన్ను కాగితానికి ఆనింది. షావుకారు డబ్బాను ఆ కాగితం మీదే పెట్టి మూత తీసి, ఇరవై పురుగులు వేశాడు. అవి లోపలికి దూరలేదు. మెలికలు తిరుగుతూ, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ అంచులకు పాకాయి. కాసేపటికి ఆగిపోయాయి. అధికారి పెన్ను జేబులో పెట్టుకుని, బార్జీలు ఆపమని ఫోన్ చేశాడు.

సాయంత్రం చీఫ్ సరుకు లెక్క చూసుకున్నాడు.

"మూడు గుళ్ళు పట్టుకెళ్ళావు. రెండే ఉన్నాయే?"

"ఒకటి నెమలి దగ్గర ఉండిపోయింది సార్."

సరస్సు దక్కింది, ఊరు దక్కింది, ఇరవై పురుగులు దక్కాయి. షావుకారు డబ్బాను మూడుసార్లు సబ్బుతో కడిగి ఇంటికెళ్ళి భార్యకిచ్చాడు. తమ్ముడు దీన్ని కూడా మర్చిపోయాడా అని ఆమె నవ్వింది. ఆమెకు ఖర్చులో చూపాల్సింది ఇంకొకటి మిగిలే ఉందని షావుకారుకు అప్పుడు గుర్తొచ్చింది.